పలాస వెయిటింగ్ రూంలో పిలుపు

మా ముత్తాత రాకుండా టెక్కలి చుట్టుపక్కల అమ్మవారి సంబరం మొదలయ్యేది కాదు. తాత మునసబు. బొట్టు పెట్టి పిలవనిదే మా ఇంటి ఆడవాళ్ళు ఎవరి గడపా తొక్కేవారు కాదు. నేనూ అంతే.

టెక్కలిలో ఇంటి పని చూసుకుని సింగపూర్ తిరిగి వెళ్తూ, పలాస స్టేషన్ వెయిటింగ్ రూంలో, కంచిలి వెళ్తున్న ఒక పెద్దావిడతో ఈ మాటే అన్నాను. అక్కడ ఆదివారాలు ఎలా గడుస్తాయని ఆవిడే అడిగింది. మా బ్లాకు కింద హాల్లో ఎప్పుడూ చీనావాళ్ళ వేడుక ఏదో జరుగుతుందని, అందరూ రావచ్చని లిఫ్టు పక్కన కాగితం అంటిస్తారని, రెండేళ్ళుగా పైనుంచి ఒక్కదాన్నే చూస్తున్నానని చెప్పాను.

"మరి ఎల్లవేటి?"

"ఎవరూ వచ్చి పిలవలేదు."

"కాయితం అంటించినారు కదమ్మా. సీనావోళ్ళు కుంకం బరిణట్టుకుని నీ గుమ్మంలోకి వత్తారేటి?"

ఆవిడ సంచిలోంచి అమ్మవారి కుంకుమ పొట్లం తీసి, అడగకుండానే నా నుదుట బొట్టు పెట్టింది.

"ఆ ఊరోళ్ళ తరపున నాను పిలిసీసినాను. ఇంక ఎల్లకపోతే తప్పు నీదే."

ఇంతలో ఆవిడ రైలు వచ్చింది.

సింగపూర్ చేరాక మొదటి ఆదివారమే కింద హాల్లోకి దిగాను. ఎవరో ముసలమ్మ జరిగి చోటిచ్చి, నా చేతిలో బియ్యప్పిండి ముద్ద పెట్టి, ఉండలు ఎలా చుట్టాలో చూపించింది. అప్పటినుంచి ఏ వేడుకా మానలేదు.

టెక్కలిలో మా ఇల్లు ఆ ఏడాదే అమ్మేశాం.