నేను బాతుల్లో ఉన్న రోజులు

ఆ రోజుల్లో ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాలు ఇంకా లేవలేదు. రాష్ట్రం ఒకటిగా ఉంటుందో రెండవుతుందో ఏ టీకొట్టులోనూ తేలలేదు. ఒక్క విషయంలో మాత్రం హైదరాబాదు తూర్పు దిక్కంతా, పార్టీలకీ ప్రాంతాలకీ అతీతంగా, ఒకే మాట మీద ఉండేది: పెళ్లికాని కుర్రాడికి ఇల్లు అద్దెకివ్వకూడదు. రామంతాపూర్లో ఒక ఇంటాయన నన్ను అరగంట కూర్చోబెట్టి, మా ఊరు, మా తాతల ఊరు, నేను గుడ్డు తింటానో లేదో అన్నీ కనుక్కుని, చివరికి "మంచోడివే బాబూ, పెళ్లి చేసుకుని రా" అన్నాడు, మర్చిపోయిన గొడుగు తెచ్చుకోమన్నంత తేలిగ్గా. నేనుంటున్న గదిని కూలగొట్టి అపార్టుమెంటు కడతామని నోటీసిచ్చారు. నెలాఖరులోగా నీడ దొరక్కపోతే గుడివాడ పక్కన మా పల్లెకి తిరుగు బస్సెక్కాల్సిందే. అక్కడ మా నాన్న నా కోసం ఎరువుల కొట్టులో ఒక స్టూలు తుడిపించి సిద్ధంగా ఉంచాడు. పట్నం వెళ్లి పెద్దవాడినవుతానని వీధిలో అందరికీ చెప్పి బయల్దేరినవాడికి ఆ స్టూలు ఎలా కనిపిస్తుందో మీరే ఊహించుకోండి.

ఇంతకీ నా ఉద్యోగం సంగతి చెప్పాలి, ఎందుకంటే తప్పంతా దానిదే. ఉప్పల్లో ఒక పెద్ద షోరూంలో పనిచేసేవాణ్ణి. అక్కడ మనుషులు రెండు జాతులు. నేల మీదవీ గోడ మీదవీ చూసేవాళ్లు టైల్స్ వాళ్లు. కుళాయిలు, సింకులు, కమోడ్లు చూసే మేము బాత్ వాళ్లం. షాపు భాషలో స్నానాల గది సామానంతా కలిపి 'బాత్'. బహువచనం వచ్చేసరికి తెలుగు తన పని తాను చేసుకుపోతుంది కదా, 'బాతులు' అయ్యేది. "సార్, మీ ఇంటికి ఎన్ని బాతులు?" అని మేం అడిగితే, "మూడు బాతులు, ఒకటి వెస్టర్న్, రెండు ఇండియన్" అని కస్టమర్లు గంభీరంగా జవాబిచ్చేవారు. ఎవరికీ నవ్వొచ్చేది కాదు. అలవాటైపోతే మనిషి దేనికీ నవ్వడు.

ఒక ఆదివారం నాచారంలో ఒక పాత ఇంటి గేటుకి టు-లెట్ పలక చూసి గంట కొట్టాను. కింద ఇల్లు, పైన డాబా మీద ఒక గది. ఇంటావిడ జనగామ వైపు నుంచి వచ్చి, సర్కారు దవాఖానాలో నర్సుగా రిటైరైన క్రైస్తవురాలు. కాలనీలో అందరూ సిస్టరమ్మ అనేవారు. ఆవిడ తలుపు తీయలేదు. దోమల జాలీ తలుపు వెనకాల నిలబడి మాట్లాడింది. నా విజిటింగ్ కార్డు (ఒకవైపు ఇంగ్లీషు, ఒకవైపు తెలుగు, రెండు వైపులా గొప్పలు) జాలీ పక్క సందులోంచి అందించాను. కళ్లద్దాలు లేవంటూ చూడకుండానే దాన్ని చేతిలోని బైబిల్లో పెట్టేసింది.

"ఏం పని జేస్తవ్ బాబూ?"

"ఉప్పల్లో బాతుల్లో ఉన్నానండి. రెండేళ్లయింది."

ఆవిడ జాలీకి దగ్గరగా జరిగింది. "బాతులల్లనా? నిజంగనా?"

"అవునండి. ఇండియన్, వెస్టర్న్ రెండూ చూస్తాను."

"అయ్యో, దేవుడే పంపిండు నిన్ను. మా ఇంట్ల గదే పరేషాన్ ఉన్నది. పాతయి రెండు మన దేశపువే. మా అల్లుడు మొన్న ఫారిన్‌వి రెండు తెచ్చి పడేసిండు. పాతయి, కొత్తయి కలుస్తలేవు."

"పాతవాటికి కొత్తవి కలపడమే కదండీ నా పని" అన్నాను ధీమాగా. "సౌండ్ ఏమైనా వస్తోందాండీ?"

"సౌండా? పొద్దంత ఒకటే లొల్లి. కాలనీ అంత తిడుతున్నరు."

"అయితే లోపల గాలి పట్టిందండి."

"గాలి పట్టిందా!" సిస్టరమ్మ గొంతులో నర్సు మేల్కొంది. "మందేమన్న ఉంటదా?"

"మందెందుకండీ, పైనుంచి గట్టిగా ఒక్క దెబ్బ కొడితే పోతుంది."

"కొట్టకు బాబూ, పాపం" అంది ఆవిడ. కమోడ్ మీద ఇంత దయ ఉన్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. "క్రిస్మస్‌కు అల్లుడు వస్తడు. ప్రేమతోని తెచ్చిండు, కలవకుంట కనబడితే మనసు కష్టపెట్టుకుంటడు. గంతలోపల కలిపితివంటే గది నీదే. కలపకుంటే మాత్రం వేరే జాగ చూసుకోవాలె మరి."

మూడు వారాల గడువు. జాయింటు బిగించడానికి మూడు గంటలు చాలు. లోలోపల నవ్వుకుని ఒప్పేసుకున్నాను.

మర్నాడు పెట్టె దించి, చేతిలో పానా పట్టుకుని, "ఎక్కడండీ?" అంటే, "ఎనక దొడ్లె ఉన్నయి, పో" అని జాలీలోంచే చెయ్యి చూపించింది. వెళ్లి రేకు తలుపు తీశాను. నాలుగు పొడుగాటి మెడలు నావైపు తిరిగాయి.

బాతులంటే చెరువులో బుడుంగుమని మునిగే చిన్నవి కావు. మనిషి మోకాలు దాటి పెరిగే పెద్ద జాతి. పాముల్ని రానివ్వవని, దొంగల్ని తరుముతాయని అప్పట్లో ఖాళీ ప్లాట్ల పక్కన ఇళ్లవాళ్లు పెంచేవారు. ఓ మూల బూడిద రంగువి రెండు, పేర్లు దొర, దొరసాని. ఇంకో మూల తెల్లవి రెండు, ముక్కు మీద బొడిపెతో. వాటిని కాలనీవాళ్లు చైనావి అనేవారు. ఆ రోజుల్లో నాలుగు స్పీకర్లతో వీధంతా దద్దరిల్లించే చైనా ఫోన్లు వచ్చేవి, గుర్తుందా? ఆ గొంతే వీటిదీ. నేను పానా పైకెత్తానో లేదో, దొర మెడ నేలకి సమాంతరంగా చాచి బుసకొడుతూ వచ్చాడు. నేను గోడెక్కాను. అది చూసి తెల్లవి అరిచాయి. తెల్లవి అరిచాయని దొర నన్ను వదిలేసి వాటి మీద పడ్డాడు. ఈకలు లేచాయి. గోడ మీద కూర్చుని నేను జాలీ తలుపు దగ్గర జరిగిన సంభాషణ మొత్తం, మాట మాటకీ, మొదట్నుంచి గుర్తు తెచ్చుకున్నాను.

"ఎట్లున్నది బాబూ?" అని వంటింటి కిటికీలోంచి కేక.

ఆ క్షణంలో నిజం చెప్పేయొచ్చు. మంచివాళ్లు అలాగే చేస్తారు. నాకు ఎరువుల కొట్టులో స్టూలు కనిపించింది. "కేసు కొంచెం ముదిరిందండి" అన్నాను.

అక్కణ్ణుంచి నా వైద్యం మొదలైంది. అన్నీ ఒకే రంగులో ఉంటే వైరం పోతుందని ఒక రోజు బకెట్టెడు పసుపు నీళ్లు గుమ్మరించాను. తెల్లవి పసుపుపచ్చగా అయ్యాయి, బూడిదవి బూడిదగానే ఉన్నాయి, నేను మూడు రోజులు పెళ్లికొడుకులా షోరూంకి వెళ్లాను. ఒకే పళ్లెంలో తింటే బంధుత్వం పెరుగుతుందని (సినిమాల్లో పెరుగుతుంది) అన్నిటికీ కలిపి ఒకే బేసిన్‌లో నూకలు పెట్టాను. దొర బేసిన్‌లో నిలబడి ఎవరినీ తిననివ్వలేదు, చివరికి తనూ తినలేదు. మా వీధి మొదట్లో టీకొట్టాయనకి రోజూ ఇదే వినోదం. "ఏందన్నా, కలిసినయా? ఈడ పెద్ద పెద్దోళ్లే కలుస్తలేరు, నువ్వు బాతులను కలుపుతున్నవ్!" అనేవాడు. నేను ఆంధ్రావాణ్ణని తెలిశాక ఆ మాట ఇంకొంచెం గట్టిగా అనేవాడు, కానీ చాయ్‌లో అల్లం మాత్రం ఎప్పుడూ తగ్గించలేదు.

చివరికి నాచారం మార్కెట్లో కోళ్లమ్మే ముసలాయన ఒకడు నా మీద జాలిపడ్డాడు. "పట్టుబట్టి కలిపితే కలుస్తయా? నడుమ జాలీ కట్టు. ఈడ రెండు, ఆడ రెండు. వారం దినాలు మొఖాలు చూసుకోనీ. తిండి జాలీకి ఆనిచ్చి రెండు దిక్కుల పెట్టు. భయం పోతే కొట్లాట పోతది. గంతే." నేను చదివిన డిగ్రీలో ఇంత ఉపయోగపడే వాక్యం ఒక్కటీ లేదు. షోరూం గోడౌన్లోంచి పాత ఇనుప జాలీ తెచ్చి దొడ్డి మధ్యలో కట్టాను. రెండు బేసిన్లు జాలీకి అటూ ఇటూ ఆనించాను.

మొదటి రెండ్రోజులు జాలీ మీద యుద్ధమే. మూడో రోజు తిడుతూ తిన్నాయి. ఐదో రోజుకి ఉత్తినే తిన్నాయి. ఆ రోజుల్లోనే, పనైపోయి నేను చేతులు కడుక్కుంటుంటే, సిస్టరమ్మ తన జాలీ తలుపు జానెడు తెరిచి ఒక స్టీలు గిన్నె గడప బయట పెట్టడం మొదలుపెట్టింది. ఒకనాడు పచ్చిపులుసు, ఒకనాడు తలకాయ కూర. "తిని గిన్నె ఆణ్నే పెట్టు" అని లోపలికి వెళ్లేది. నేను మెట్ల మీద కూర్చుని తినేవాణ్ణి, ఆవిడ లోపల కూర్చుని తినేది. రెండో వారంలో కాబోలు, తలుపు వేయడం మర్చిపోయి, తింటూ తింటూ దవాఖానా కబుర్లు చెప్పింది. మధ్యలో "ఉప్పు సరిపోయిందా బిడ్డా?" అంది. అప్పటిదాకా బాబూ అనేది. నేనప్పుడు పట్టించుకోలేదు, నా ధ్యాసంతా బాతుల మీదే.

ఎందుకంటే క్రిస్మస్ ఇంకో మూడు రోజుల్లో ఉందనగా జాలీ తీశాను, తీసిన నిమిషంలో మళ్లీ మొదలైంది. దొడ్డి దొరది, కొత్తవి పరాయివి, అంతే. ఎవరిదీ కాని జాగా ఒకటి కావాలి. ఆ మర్నాడు కాలు విరిగిన గుర్రంలా మా షోరూం మూల పడున్న బాత్‌టబ్బు నా కంట పడింది. అంచు పగిలింది, రంగు లేత గులాబి, మూడేళ్లుగా ఎవరూ కొనలేదు. షోరూం సేటుని బతిమాలితే "లే జా, లే జా" అని చెయ్యి ఊపాడు. ఎత్తించింది సరిగ్గా బంద్ రోజున. ట్రాలీ ఆటోని నాచారం దగ్గర జెండాలవాళ్లు ఆపారు. "ఎవరిది అన్నా గీ తొట్టి?" అన్నారు. "బాతులదన్నా" అన్నాను. రెండేళ్లలో మొదటిసారి ఆ మాట పూర్తి నిజాయితీతో అన్నాను. వాళ్లు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకుని, "పోనియ్, బాతులకు బంద్ లేదు" అని దారిచ్చారు.

టబ్బుని దొడ్డి మధ్యలో దించి, మెట్టుకి రెండు ఇటుకలు పేర్చి, నీళ్లు నింపాను. నాలుగూ దూరంగా నిలబడి దాన్ని అనుమానంగా చూశాయి. గులాబి రంగు బాతులకీ నచ్చలేదేమో అనుకున్నాను. ఇంతలో తెల్ల ఆడబాతు ఇటుకలెక్కి దబ్బుమని దూకింది. అది చూసి దొరసాని ఉండబట్టలేక దూకింది. పెళ్లాం పరాయివాళ్లతో స్నానం చేయడమేమిటని దొర దూకాడు. నాలుగోది ఒంటరిగా ఏం చేస్తుంది? నాలుగూ తలలు ముంచి, రెక్కలు కొట్టి, గోడలదాకా నీళ్లు చిమ్మాయి. ఎవరూ ఎవరినీ కరవలేదు. ఒడ్డెక్కి, పక్కపక్కనే నిలబడి, ఒకే తీరుగా ఈకలు దువ్వుకున్నాయి. నాకు నిజంగా కళ్లలో నీళ్లొచ్చాయి. ఆ ఆనందంలో, మురికి నీళ్లు వదిలేసి మంచివి పడదామని, వెనక్కి తిరిగి, వంగి, టబ్బు బిరడా లాగాను.

వాటి ఐకమత్యం ఎంత గట్టిదో అప్పుడు తెలిసింది. ఇండియన్ లేదు, వెస్టర్న్ లేదు, నాలుగూ ఒక్కటై, పిండానికి వచ్చిన కాకుల్లాగా, నేను వంగిన వైపే వచ్చి పడ్డాయి. నేను పెట్టిన కేక కన్నా వంటింట్లోంచి వచ్చిన కేక పెద్దది. "కలిసినయి! కలిసినయి!" అంటూ సిస్టరమ్మ జాలీ తలుపు బార్లా తీసుకుని, చేతిలో గరిటెతో పరుగెత్తుకొచ్చింది. బాతుల్ని అదిలించి, నా చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కెళ్లి, ముప్పై ఏళ్ల సర్వీసంతా ఉపయోగించి నాకు టించరు రాసింది. ఎక్కడ రాసిందో ఇక్కడ రాయను.

క్రిస్మస్ నాడు కూతురితో కలిసి అల్లుడొచ్చాడు. తన బాతుల్ని ముద్దు చేయబోయాడు. నాలుగూ కలిసి ఆయన్ని గేటుదాకా తరిమాయి. ఆయన గేటవతలే నిలబడి, "ఎంత కలిసిపోయాయండీ!" అని మురిసిపోయాడు. మధ్యాహ్నం బల్ల దగ్గర వాళ్లంతా కూర్చుని, నేనొక్కణ్ణీ నిలబడి, భోజనం చేశాం. అందరూ నన్ను పొగుడుతూనే ఉన్నారు. గిన్నెలు తీసేటప్పుడు వంటింట్లో ఆవిడ వెనకాల నిలబడి, "అమ్మా, నేను బాతుల మనిషిని కాదు. కమోడ్లమ్ముకునేవాణ్ణి" అన్నాను.

ఆవిడ చెయ్యి తుడుచుకుని, బైబిల్ తీసి, మధ్యలోంచి నా కార్డు లాగి చూపించింది. "నువ్వొచ్చిన పొద్దుగూకే అద్దాలు పెట్టుకొని సదివిన."

"మరి చెప్పలేదేంటమ్మా?"

"నువ్వెందుకు చెప్పలే?" అంది. "గది కోసమని అందరు అబద్ధం జెప్పుకుంట వస్తరు బిడ్డా. నువ్వు నిజమే జెప్పినవ్, నేనే తప్పు ఇన్న. తప్పు నాదైతే నిన్నెట్ల ఎల్లగొడుదు? కలుస్తవో కలవవో సూద్దాం తియ్ అనుకున్న." ఆవిడ అన్నది నా గురించా బాతుల గురించా అని అడగలేదు. పళ్లాలు కడగడంలో సాయం చేశాను.

ఆ గదిలో ఆరేళ్లున్నాను. రాష్ట్రం రెండైన రోజు కాలనీలో టపాసులు పేలుతుంటే బాతులు బెదిరిపోయి టబ్బు వెనకాల ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి. మేమిద్దరం మెట్ల మీద కూర్చుని వాటినే చూశాం. ఇప్పుడా ఇంటి స్థానంలో ఐదంతస్తులు లేచాయి. నాకు నారపల్లిలో సొంత ఇల్లుంది, రెండు బాతులు, రెండూ వెస్టర్నే. అరిచేవి కావు, కరిచేవి కావు, ఏం లాభం?

సిస్టరమ్మని చివరిసారి దమ్మాయిగూడలో కూతురింట్లో చూశాను. మంచం పట్టింది. తలాపున అదే బైబిల్, అందులో అదే కార్డు, పేజీలు మాత్రం చాలా ముందుకి జరిగాయి. ఆవిడ నిద్రపోతుంటే మెల్లగా తీసి చూశాను. తెలుగు వైపు నా పేరు కింద 'బాత్ ఎగ్జిక్యూటివ్' అని ఉంటుంది. ఎప్పుడు దిద్దిందో ఏమో, నీలం పెన్నుతో 'త' మీది పొల్లు కొట్టేసి, పక్కన శ్రద్ధగా కొమ్ము పెట్టింది. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఎన్నో హోదాలు మారాను కానీ, నా పని చూసి, నాకు తెలియకుండా ఇచ్చిన ప్రమోషన్ అదొక్కటే. దాన్ని మళ్లీ ఆ పేజీలోనే పెట్టి వచ్చాను.