మా అమ్మాయి నల్ల బొమ్మలు

మా అమ్మాయి ఇక లేదు. కాఫీ కోతల మధ్యలో జ్వరమొచ్చి పోయింది. సంతలో ఇప్పటికీ నన్ను ఆపి "గుంట ఎలాగుంది?" అని అడిగేవాళ్ళున్నారు. నడిరోడ్డు మీద మళ్ళీ మళ్ళీ చెప్పలేక రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే సర్దుకోండి. కోపం కనిపిస్తే మాత్రం సర్దుకోనక్కర్లేదు, కావాలనే రాశాను.

అరకు దగ్గర కాఫీ యూనిట్లో రుచి చూసే పని దానిది. కప్పులో కాఫీ చెంచాతో జుర్రి, గింజ మంచిదో కాదో చెప్పాలి. ఏటా కొనడానికి ఫ్రాన్సు నుంచి ఒక మేడం వచ్చేది. ఆవిడ ఫోనులో ఒక బొమ్మ చూసిందట మా అమ్మాయి. వాళ్ళ దేశంలో ఎప్పుడో పోయిన ఒకాయన వేసింది. అంత పేరున్నవాడు కాదట, పాత సామాను కొట్లలో దొరుకుతాయట. "మళ్ళీ వచ్చేటప్పుడు ఏం తేను?" అని మేడం అడిగితే మిగతా పిల్లలు చాక్లెట్లు, సెంటు అన్నారు. ఇది ఆ బొమ్మ కావాలంది. అప్పటి నుంచి ఏడాదికొకటి. ఊరికే తీసుకోలేదు. మా మిరియాలు, పసుపు, అడవి తేనె ఇచ్చేది. ఆ మూటలు కట్టింది నేనే.

మొదటిది చూడగానే తిట్టాను. అన్నీ నల్ల గీతలు, దెయ్యం మొహాలు.

"ఏటే ఇది? రంగు నేదు, దేవుడు నేడు. నా తేనె దండగ."

"రంగులు కేలండర్లకుంటాయి లేవే అమ్మా. సేతులు కడుక్కొని రా, సూపిత్తాను."

మైనం పూసిన రాగి రేకు మీద సూదితో గీసి, యాసిడ్లో ముంచి, ఆ గీతల్లో సిరా నింపి కాగితం మీద గట్టిగా అదుముతారట. బొమ్మ చుట్టూ కాగితం కాస్త లోపలికి దిగి ఉంటుంది. నా వేలు పట్టుకుని ఆ అంచు వెంట నడిపించేది. కింద పెన్సిలుతో ఆయన సంతకం. "ఇదుంటే ఆయన సేత్తో ఇచ్చినట్టే" అనేది. గోడకి కట్టనిచ్చేది కాదు. పొయ్యి పొగ తగలకుండా రేకు పెట్టెలో, పాత పంచె ముక్కల మధ్య దాచేది. వాన లేని ఆదివారమే పెట్టె తీసేది.

వాటిలో ఒక ముసలమ్మ ఉంది. తల పక్కకి తిప్పుకుని, బుగ్గల నిండా ముడతలు. "అచ్చం నువ్వే" అని నవ్వేది.

"నేనింత కురూపినేటే, దొంగ గుంటా?" అని చీపురు తీసేదాన్ని. "పాపం, ఎవులో పోయారు. ఏడుత్తన్నాది."

"ఏడుపు కాదమ్మా. సరిగ్గా సూడు. కోపం."

ఆ తగువు మా మధ్య తెగనే లేదు.

ఈ ఏడు మేడం రాలేదు, ఎవరో కొత్తవాళ్ళు వస్తున్నారన్నారు. అప్పటికే దానికి జ్వరం. మేనేజరుని సెలవడిగితే, "నీ నాలుక లేకపోతే ఎలాగమ్మా? వాళ్ళు వెళ్ళాక వెళ్ళు" అన్నాడట. మాత్ర మింగి కప్పుల ముందు నిలబడింది. జ్వరం నాలుకకి రుచేం తెలుస్తుంది? వాళ్ళు వెళ్ళేసరికి నన్ను గుర్తుపట్టే తెలివి కూడా లేదు దానికి. మలేరియా మెదడుకెక్కింది, ముందే తేవాల్సింది అన్నారు ఆసుపత్రిలో. ముందే! ఆ మాట చెప్పాల్సింది నాకా?

మా ఆచారం ప్రకారం దాని కంచం, దుప్పటి, గొడుగు సమాధి దగ్గర పెట్టి వచ్చాం. బొమ్మల పెట్టె మాత్రం నేనివ్వలేదు. వానలో నానిపోవడానికా అది అంత జాగ్రత్తగా దాచింది?

దినం అయ్యాక ఆ మేనేజరే పూలదండ పట్టుకొచ్చాడు.

"అమ్మా, ఆ బొమ్మలు మా విజిటర్స్ హాల్లో పెడతాం. అద్దాలు కట్టించి, కింద మీ అమ్మాయి పేరు రాయిస్తాం."

"ఇచ్చీయే అప్పా, దాని పేరుంటాది" అన్నాడు మా తమ్ముడు. ఊరంతా గొప్పే కదా అంది.

మేనేజరు పెట్టె తెరిచి, చేతులైనా కడుక్కోకుండా ముసలమ్మని పైకెత్తాడు. "ఇది ముందు పెడదాం. ఎంత దుఃఖమో చూడండి! చక్కగా సరిపోతుంది."

అప్పుడు చూశాను. ఇన్నేళ్ళూ చూసిన బొమ్మే. కళ్ళు పొడిగా ఉన్నాయి. దవడ రాయిలా బిగిసి ఉంది. మా అమ్మాయి చెప్పిందే నిజం.

"కింద పెట్టు బాబూ. ఏడుపు కాదది, కోపం. సెలవడిగితే ఇయ్యనోడి గోడకి అది ఉండదు. బేగి ఎల్లు."

దండ అరుగు మీద వదిలేసి పోయాడు. మేకలు తిన్నాయి.

వాన లేని ఆదివారం చేతులు కడుక్కుని పెట్టె తీస్తున్నాను. వేలితో ఆ అంచు వెంట ఒక చుట్టు తిరిగి వస్తాను. ముసలమ్మ నా వైపు చూడదు. పలకరించమని నేనూ అడగను. ఇద్దరం అలాగే, దవడలు బిగించుకుని, పొద్దువాలేదాకా కూర్చుంటాం.