రోజుకు రెండుసార్లు నిద్రపోయేవాళ్లు

మా మందుల కంపెనీలో భద్రతా విభాగాన్ని నడిపిన మేడమ్ గత వారం పోయారు. నిద్రలోనే గుండె ఆగిందట. నిన్న కంపెనీలో సంతాపసభ. ఆవిడ కుర్చీ లాగేసిన మాజీ డైరెక్టరే ముఖ్య వక్త. ఉద్యోగం వదిలినా ఆయనకు మైకు మీద మమకారం పోలేదు. షిఫ్టు కార్మికుల కష్టం ముందుగా గుర్తించింది మన సంస్థేనన్నాడు. చరిత్ర పుస్తకాలు చాలానే చదివాను, గెలిచినవాడు ఎలా రాయించుకుంటాడో తెలుసు. అయినా ఒళ్లు మండింది. అందుకే ఇది రాస్తున్నాను.

అమ్మిన మందు మనుషుల ఒంట్లో ఏం చేస్తోందో కనిపెట్టి ప్రభుత్వానికి తెలియజేయడం ఆవిడ పని. నేను పక్క గదిలో నాణ్యత చూసేవాణ్ణి. మందు పడలేదని ఎవరు ఫోన్ చేసినా ఆవిడ మొదటి ప్రశ్న ఒకటే: "తిన్నావేటమ్మా?" మీటింగుల్లో ఇంగ్లీషు దంచే మనిషి ఫోన్లో అలా మాట్లాడుతుంటే, డైరెక్టరు చుట్టూ ఉండేవాళ్లు నవ్వుకునేవారు. ఆవిడ నాతో అనేవారు: "మాత్ర గురించి అడిగితే మాత్ర గురించే చెబుతారు సార్. రోజెలా గడిచిందో అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది."

ఒక వేసవిలో మల్కాపురం నుంచి ఒకామె ఫోన్ చేసింది. భర్త పోర్టులో క్రేన్ డ్రైవరు. మా బీపీ మాత్ర వాడుతున్నాడు. పైన క్యాబిన్లో కళ్లు తిరుగుతున్నాయట. అప్పుడే మా కంపెనీకి విదేశీ తనిఖీ బృందం రాబోతోంది. ఎండదెబ్బ అని రాసి ఆ ఫిర్యాదు మూసెయ్యమన్నాడు డైరెక్టరు. మేడమ్ నన్ను వెంటబెట్టుకుని షేర్ ఆటో ఎక్కారు.

మేం వెళ్లేసరికి అతను డ్యూటీకి తయారవుతున్నాడు. ఆవిడ గుమ్మంలోనే కూర్చుని, పొద్దున్నించి ఏమేం చేశావో చెప్పమన్నారు.

"ఏటుంటాదమ్మా. నైట్ డ్యూటీ దిగొచ్చీసి, తినీసి, మాత్రేసుకుని పడుకున్నాను. మల్లీ ఇప్పుడో కునుకు తీసి లెగిసినాను."

"కునుక్కి ముందు?"

"ఇంకోటేసుకున్నాను. పడుకునే ముందు ఏసుకోమని మీ మందు సీటీలోనే ఉంది గదా."

"నాను సెప్తానే ఉన్నానమ్మా, ఇంటాడేటి?" అంది భార్య. "డాక్టరు కన్నా ఎక్కువ సదివీసినాడు."

అతను నవ్వాడు. మేడమ్ నవ్వలేదు. "ఈ పూట క్రేన్ ఎక్కకు బాబూ."

"ఎక్కకపోతే ఆబ్సెంటేసేత్తారమ్మా."

"నువ్వెత్తే పెట్టె జారితే కిందున్నోడికి ఏటేస్తారు?"

అతను చొక్కా బొత్తాలు విప్పేశాడు.

మర్నాడు డైరెక్టరు గదిలో నేనూ ఉన్నాను.

"రోగి పొరపాటు. మన తప్పు కాదు. మూసెయ్యండి."

"తప్పు మనది కాదు సార్. మాత్ర మనది. గాజువాకలో, ఉక్కునగరంలో ఎటు చూసినా షిఫ్టు డ్యూటీల వాళ్లే. అందరూ రోజుకు రెండుసార్లు పడుకునేవాళ్లే."

"తనిఖీ అయ్యాక చూద్దాం. ముందు సంతకం పెట్టండి."

ఆవిడ పెన్నుకు మూత పెట్టి సంచిలో వేసుకున్నారు. ఆ సాయంత్రమే నివేదిక ప్రభుత్వానికి పంపేశారు.

తనిఖీ బృందం విమానం ఎక్కగానే ఆవిడను శిక్షణ విభాగానికి, కిటికీ లేని గదికి మార్చారు. నిన్న కళ్లు తుడుచుకున్నవాళ్లలో ఒక్కరైనా ఆ గదికి టీకి వెళ్లిన పాపాన పోలేదు. కొంతకాలానికి మందుతో ఇచ్చే చీటీ మారింది: 'ఎన్నిసార్లు పడుకున్నా రోజుకు ఒక్కటే.' ఆ వాక్యం ఆవిడదే. నిన్న సభలో దాన్ని తన ఆలోచనగా చదివి చప్పట్లు కొట్టించుకున్నాడు ఆ పెద్దమనిషి.

ఆయన శ్మశానానికి రాలేదు. జుట్టు నెరిసిన క్రేన్ డ్రైవరు వచ్చాడు. "డ్యూటీ మార్పించుకుని వచ్చీసినాను సార్" అని నా పక్కన నిలబడ్డాడు.

నిన్న టిఫిన్ పొట్లాలు పంచుతుండగా లేచి వచ్చేశాను. పోర్టు దగ్గర ఫ్లైఓవర్ మీద, లారీల వెనక మా బస్సు ఆగిపోయింది. దూరంగా ఓ క్రేన్ ఓడ మీంచి కంటైనర్‌ను పైకెత్తింది. దాని పక్కగా పసుపు టోపీల మనుషులు తలెత్తి చూడకుండా నడిచిపోతున్నారు. అది నెమ్మదిగా దిగి నేలకు ఆనేదాకా కిటికీ ఊచ వదల్లేకపోయాను.