గంగారాం కాక చెవులు

సూరత్ అడాజన్‌లోని నా చిన్న రిపేరు దుకాణంలో ఏ పాత కంప్యూటరైనా లేచి ‘పీప్’మని ఒక్కసారి కూసిందంటే చాలు, నా కుడిచెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. చూపుడు వేలు నిలబడుతుంది. మధ్యవేలిని మాత్రం బొటనవేలితో గట్టిగా నొక్కిపట్టుకుంటాను. మొన్న ఒకాయన ఏళ్లుగా మూలనపడ్డ మిషను తెచ్చాడు. అది లేచిందన్న సంబరంలో ఉండి కూడా నా చెయ్యి చూసి ఆగిపోయాడు. "క్యా హువా బెహెన్?" అన్నాడు. ఏమీ లేదన్నాను. ఏమీ లేకపోవడమేమిటి, నా మొహం! ఆ వేలు ఎవరికోసం లేస్తుందో ఆ మనిషి పోయి ఏళ్లయింది. ఆ సంగతి వేలికి ఎవరు చెప్పాలి?

గంగారాం కాక సిరిసిల్ల వైపు నుంచి పదహారేళ్ల వయసులో సూరత్ వచ్చి, ఇరవై రెండేళ్లు పవర్‌లూమ్ షెడ్డుల్లో మగ్గాలు నడిపాడు. ఆ మోతలో చెవులు పోయాయి. షెడ్డుల్లో పారేసిన బోర్డులు విప్పి చూస్తూ చూస్తూ పని నేర్చుకుని, అమ్రోలిలో ఒక షట్టరు గదిలో రిపేరు దుకాణం పెట్టుకున్నాడు. పాతకాలపు బోర్డులు తమ రోగమేమిటో కూతలతో చెబుతాయి. మూడు కూస్తే మెమరీ తంటా, ఒక్కటే కూస్తే అంతా క్షేమం. ఆ కూతలే కాకకు వినపడవు. నేను డిప్లొమా కాగితం పట్టుకుని తిరుగుతున్న రోజులవి. ఆడపిల్ల సోల్డరింగు పట్టుకుంటుందా అని నలుగురు నవ్వి పంపారు. కాక నవ్వలేదు. ఒక బోర్డుకు కరెంటిచ్చి నా మొహంలోకి చూశాడు.

"ఎన్నచ్చినయి?"

"మూడు. మొదటిది జర పొడుగు," అన్నాను. వినపడదని తెలియక మామూలుగానే అన్నాను. ఆయన నా పెదవులు చూసి అర్థం చేసుకున్నాడు.

"నా చెవులు షెడ్డుల పోయినయి బిడ్డా. నాకు నీ చెవులు గావాలె. చేతిపని తర్వాత నేర్సుకుందువు తియ్యి," అన్నాడు. అలా దొరికింది నాకు ఉద్యోగం.

ఆయన షరతు ఒక్కటే. "విన్నది విన్నట్టు చెప్పు. నీ తెలివి అందుల కలపకు." కొత్తలో ఓసారి కలిపాను. బోర్డు మీది రాగిగీత ఎక్కడైనా తెగిందేమో చూసే మీటరు ఉంటుంది. గీత బాగుంటే కుయ్యిమంటుంది. ఆయన కళ్లు గీతకు ఆనించిన మీటరు సూదిమొన మీద ఉండాలి కనుక ఆ కూత నేను విని వేలెత్తాలి. ఆ రోజు ఆకలి దంచేస్తోంది. ఒకచోట మీటరు కూయకపోయినా కూసినట్టే వేలెత్తేశాను. ఆ ఒక్క అబద్ధానికి రోజున్నరపాటు బాగున్నవన్నీ పీకి మళ్లీ అతికించాం. సంగతి తెలిశాక కాక తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తన టిఫిను డబ్బా నా ముందుకు జరిపి, "తిను. కడుపు నిండితెనన్న నిజం చెప్తవేమో," అన్నాడు. సిగ్గుతో చచ్చాను.

తర్వాత ఆ మాయదారి రోగం వచ్చింది. మొదటి ఏడు మా గల్లీలో సగంమంది మూటలు కట్టుకుని ఊళ్లకు పోయారు. నేనూ మా ఆయన రవీ ఉండిపోయాం. రెండో ఏడు అది ఇంకా కోరలు చాచి వచ్చేసరికి నాకు ఏడో నెల. రవి మగ్గం నేసే షెడ్డులో, చీర అంచుల డిజైన్ల కోసం అట్టల మీద చిల్లులు కొట్టే మిషను ఉండేది. దాన్ని నడిపేది పాతికేళ్లనాటి కంప్యూటరు. దానిలో గుచ్చే పొడుగాటి కార్డు ఇప్పటి కంప్యూటర్లలో దేనికీ పట్టదు. సరిగ్గా అప్పుడే అది చచ్చి కూర్చుంది. శనివారంలోగా లేవకపోతే షెడ్డు మూసేసి మగ్గాలు తుక్కు కింద అమ్మేస్తానన్నాడు సేఠ్. మేముంటున్న గది కూడా ఆయనదే. షెడ్డు మూతపడితే ఏడోనెల కడుపుతో కిక్కిరిసిన రైలెక్కాలి. ఆ వారమే మా పక్కింటి కోడలు, నాలాగే కడుపుతో ఉన్న పిల్ల, ఆసుపత్రికి పోయి తిరిగి రాలేదు. ఎవరైనా రైలు మాట ఎత్తితే అక్కణ్ణుంచి లేచి పోయేదాన్ని.

బుధవారం రవి ఆ కంప్యూటరు బోర్డును కాక దగ్గర పెట్టాడు. నేను గుమ్మం దగ్గరికి వెళ్లగానే కాక రెండు చేతులూ అడ్డం పెట్టాడు. మొహానికి తువ్వాల చుట్టుకుని ఉన్నాడు. "లోపలికి రాకు! గాడనే, బయట స్టూలు మీద కూసో. వేళ్లు జూపితె చాలు." మామూలు రోజుల్లో ఆ గల్లీలో పక్కమనిషి అరిచినా వినపడదు. ఆ వారం రోగం భయానికి మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. వీధిలో కూర్చున్నా లోపలి మీటరు కూత స్పష్టంగా వినిపించింది. దూరంగా అంబులెన్సు పోతే నా మొహం మారేది. అది చూసి ఆయన "ఏంది, అంబులెన్సా?" అని అడిగేవాడు. తలూపేదాన్ని.

కాక బోర్డు మీద ఉన్నవన్నీ పీకేశాడు. కార్డులు లేవు, మెమరీ లేదు. కరెంటూ స్పీకరూ మిగిలాయి. "మెమరీ తీస్తె అది ఏడ్వాలె. ఏడిస్తె పానమున్నట్టు," అన్నాడు. కరెంటిచ్చాడు. కూత లేదు. పిడికిలి మూసి చూపించాను. కాక బోర్డును వెలుతురుకు తిప్పి చాలాసేపు చూశాడు. బ్యాటరీ కారి, దాని చుట్టూ పచ్చటి చిలుము పట్టి రాగిగీతలను తినేసింది. సిర్కాతో, అంటే వెనిగర్‌తో కడిగి, స్పిరిటుతో తుడిచి ఎండకు పెట్టాడు.

గురువారం ఒక్కో గీతా మీటరుతో చూడటం మొదలుపెట్టాం. కూస్తే వేలు, లేకపోతే పిడికిలి. అప్పుడు విన్నాను. మీటరు కూతకూ కూతకూ నడుమ ఇంకో చప్పుడు. సన్నటి ఈల. కాక ఊపిరి తీసుకున్నప్పుడల్లా వస్తోంది. ఆయనకది వినపడదు. దగ్గుతున్నానని తెలుసు కానీ, "షెడ్డు దుమ్ము బిడ్డా, ఇరవై ఏండ్ల దోస్తు," అని తీసిపారేశాడు. కూతలు లెక్కపెట్టే అలవాటు కదా, గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాను. నిమిషానికి ఇరవై ఎనిమిది. మామూలు మనిషికి ఇరవై దాటదు.

"ఏమన్న ఇనిపిస్తుందా?" అన్నాడు, కళ్లు సూదిమొన మీంచి తియ్యకుండా.

పిడికిలి చూపించాను. ఆ గీత మీద కూత లేదు, అది నిజమే. నిజంతో అబద్ధమాడటం అంటే అదే.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. చెబితే కాకను ఆసుపత్రికి తీసుకుపోతారు. తీసుకుపోతే ఆ బోర్డును లేపే మనిషి ఊళ్లో ఇంకొకరు లేరు. బోర్డు లేవకపోతే రైలు. పైగా ఆయనకు వచ్చిందంటే నాకూ, కడుపులోదానికీ వచ్చిందేమో. నోటితో అనకపోతే అది నిజం కాదన్నట్టు నోరు కుట్టేసుకున్నాను. శుక్రవారం ముప్పై నాలుగు. కాక తెగిన గీతల మీద వెంట్రుకంత తీగలు అతికిస్తున్నాడు. చెయ్యి మాత్రం వణకలేదు. టిఫిను డబ్బా మూత తియ్యలేదు. మధ్యలో తలెత్తి నా మొహం చూశాడు.

"ఏంది బిడ్డా, అంబులెన్సా?"

వీధిలో ఏ అంబులెన్సూ లేదు. తలూపాను.

శనివారం పొద్దున మెమరీ లేకుండా కరెంటిచ్చాడు. బోర్డు ఏడ్చింది, మూడుసార్లు. మూడు వేళ్లు చూపించాను. మెమరీ గుచ్చి, కార్డులు పెట్టి మళ్లీ ఇచ్చాడు. ‘పీప్.’ ఒక్కటే. చూపుడు వేలు ఎత్తాను. తువ్వాల వెనక నవ్వాడని కళ్లను బట్టి తెలిసింది. ఆ వెంటనే గోడకు చెయ్యి ఆనించి అలాగే ఉండిపోయాడు. ఇక నా వల్ల కాలేదు. మాస్కు కిందికి లాగాను.

"మాస్కెయ్యి! పిస్సగిన లేసిందా?" అని గద్దించాడు.

"కాకా, నీ ఊపిరి చప్పుడైతుంది. ఈలలెక్క వస్తుంది," అన్నాను, ఆయన నా పెదవులు చూసి పోల్చుకునేలా మెల్లగా.

"ఎప్పటిసంది?"

ఎత్తిన వేలు ఇంకా దించలేదు. దాని పక్కన మధ్యవేలు కూడా లేపాను. సూదిమొనను ఎలా చూసేవాడో ఆ రెండు వేళ్లనూ అలాగే చూశాడు. తర్వాత నా కడుపు వైపు చూశాడు.

"రైలుకు భయపడ్డవా?"

తలూపాను.

"భయమైతది మరి," అన్నాడు. అంతే. నేను రవిని పిలిచాను, అతను ఫోను చేస్తే అంబులెన్సు వచ్చింది. కాక తన కాళ్లతోనే నడిచి ఎక్కాడు. ఎక్కేముందు వెనక్కి తిరిగి అన్నాడు: "షట్టరు కాలుతోటి దించు. చేత్తోటి ముట్టకు."

తొమ్మిదో రోజు పోయాడు. మొహం చూడనివ్వలేదు. మాకు రోగం రాలేదు. ఆయన నన్ను కూర్చోబెట్టిన దూరమే మమ్మల్ని కాపాడిందనుకుంటాను. షెడ్డు నడిచింది. సూరత్‌లోనే మా పాప పుట్టింది. పుట్టిన రోజు నుంచి నేటిదాకా అది నిద్రపోతుంటే ఊపిరి లెక్కపెట్టడం నాకు ఆగలేదు. రవి కసురుకుంటాడు, అయినా లెక్కపెడతాను. దుకాణానికి వచ్చేవాళ్లకు వాళ్ల మిషను గురించి విన్నది విన్నట్టు చెబుతాను. చెడ్డకబురైతే ముందే చెబుతాను. ఆ రెండు రోజులు ముందుగా చెప్పి ఉంటే కాక బతికేవాడా అని ఏ డాక్టరునైనా అడగొచ్చు. అడగలేదు. భయం.

కూత ఒక్కటే వస్తే వేలు ఒక్కటే చూపాలి. అందుకే రెండోదాన్ని నొక్కిపట్టుకుంటాను. వదిలితే అదీ లేస్తుంది.