పిల్లికి ఫాస్టింగ్ షుగర్

మా పిల్లికి షుగర్ ఉందని తెలిసిన రోజు నుంచి ఫ్రీమాంట్‌లో మాకు తెలిసిన తెలుగువాళ్ళందరూ పిల్లుల డాక్టర్లైపోయారు. కాకరకాయ ఉడికించి పెట్టమన్నవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళను నవ్వి వదిలేశాను. మా ఆయన్ని వదలడం మాత్రం నావల్ల కావడం లేదు.

ఆయనకూ షుగరే. తన మాత్రలు తగ్గించాలన్నా పెంచాలన్నా మాకు దగ్గర్లోనే ఉన్న డబ్లిన్ ఊళ్ళో ఉండే ఒక పెద్దాయనకు ఫోన్ చేస్తాడు. ఆయన గుండె డాక్టరుగా చేసి రిటైరయ్యాడు, మా అందరికీ అంకుల్. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో ప్లేట్లు పట్టుకుని ఆయన చుట్టూ చేరి, తమ రీడింగులు అప్పజెప్పడం మావాళ్ళకు అలవాటు. ఆయన చెప్పాక ఇంకెవరూ ఎదురు మాట్లాడరు.

ఆ వారం పిల్లిని చూసే వెట్ డాక్టర్ దాని ఇన్సులిన్ కొద్దిగా పెంచింది. ముందు తిండి, ఆ తర్వాతే సూది, తినకపోతే సూది ఆపి నాకు ఫోన్ చేయండి, నన్నడక్కుండా డోస్ మార్చొద్దు అని మా ఇద్దరికీ చెప్పింది. మధ్యాహ్నం పూట చెవి అంచున గుచ్చి చూస్తే షుగర్ నెమ్మదిగా దిగుతోంది. నీళ్ళ గిన్నె దగ్గరే కాపురం పెట్టిన పిల్లి మళ్ళీ కిటికీ ఎక్కి కూర్చుంటోంది. నాకు వర్క్ పర్మిట్ లేక గోడలు చూస్తూ గడిపిన ఏళ్ళలో తెచ్చుకున్న పిల్లి అది. ఈ దేశంలో పగలంతా నాతో ఉన్న ప్రాణి అదొక్కటే. దాన్ని ఎలాగైనా బతికించుకోవాలన్నదే నా పంతం.

శనివారం పాట్‌లక్‌లో మా ఆయన తన రీడింగులతో పాటు పిల్లివి కూడా అంకుల్‌కు అప్పజెప్పాడు. ఈ సంగతి నాకు తర్వాత, ఆసుపత్రి దారిలో తెలిసింది.

"ఫాస్టింగ్ ఎంతుంది?" అన్నాడట అంకుల్.

"ఫాస్టింగ్ చెక్ చేయలేదంకుల్."

"ఫాస్టింగ్ చూడకుండా డోస్ ఎట్లా సెట్ చేస్తారయ్యా? రాత్రి ఫుడ్ ఆపేసి పొద్దున్నే చూడు. హై ఉంటే ఇంకో యూనిట్ పెంచెయ్. ఏం కాదు."

మనుషులకు ల్యాబులో చేసినట్టే పిల్లికీ చేశాడు. రాత్రి నేను పడుకున్నాక తిండి గిన్నె తీసి దాచాడు. ఆదివారం పొద్దున నేను కూరగాయలకు వెళ్ళగానే, ఆకలితో అరుస్తున్న దాన్ని మంచం కింద నుంచి లాగి, అదిమిపట్టి చెవి గుచ్చాడు. బెదిరితే పిల్లికి షుగర్ ఎగబాకుతుందని వెట్ చెప్పిన మాట ఈయన చెవికెక్కితే కదా. రీడింగ్ హై వచ్చింది. ఒక యూనిట్ ఎక్కువ ఎక్కించి, అప్పుడు గిన్నె ముందు పెట్టాడు. అది వాసన చూసి వెళ్ళిపోయింది. ఈయన ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

నేను వచ్చేసరికి పిల్లి వాషింగ్ మెషీన్ పక్కన పడి ఉంది. లేవబోతే వెనక కాళ్ళు మడతపడిపోతున్నాయి. చెవి గుచ్చి చూశాను. అంత తక్కువ అంకె ఆ మీటర్‌లో ఎప్పుడూ చూడలేదు. తేనె తెచ్చి చిగుళ్ళకు రాశాను. నా వేలు కొరికే ఓపిక కూడా దానికి లేదు. మా ఆయన డ్రైవ్ చేస్తుంటే దాన్ని టవల్‌లో చుట్టి వెనక సీట్లో కూర్చున్నాను.

డోస్ ఎవరు మార్చారని పశువుల ఆసుపత్రిలో డాక్టర్ అడిగింది.

"ఫ్యామిలీ ఫ్రెండ్. ఆయన డాక్టరే," అన్నాడు మా ఆయన ఇంగ్లీషులో.

"పిల్లుల డాక్టరా?" అంది ఆవిడ.

ప్రాణం దక్కింది. మర్నాడు ఇంటికి తెచ్చుకుంటుంటే కార్ స్పీకర్‌లో అంకుల్ నుంచి ఫోన్ వచ్చింది.

"ఒక్కోసారి అట్లా డౌన్ అవుతుందమ్మా. పిల్లికే కదా, వర్రీ కావద్దు."

"అంకుల్, ఇకమీదట మా ఇంట్లో ఎవరి డోసూ మీరు చెప్పొద్దు. పిల్లిదీ వద్దు, ఈయనదీ వద్దు," అన్నాను.

అంకుల్ ఫోన్ పెట్టేశాడు. వెంటనే మా ఆయన అందుకున్నాడు.

"పెద్దాయన్ని పట్టుకుని అట్లా అంటావా? ఎంత ఫీలయ్యుంటారు? ఫోన్ చేసి సారీ చెప్పు."

ఒళ్ళు మండిపోయింది. నా ఒళ్ళో పిల్లి ఇంకా వణుకుతోంది. దాని ముందు కాలికి సూది కోసం బొచ్చు గొరిగిన చోట చర్మం గులాబీ రంగులో కనిపిస్తోంది. దాని వైపు ఈయన ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

"ముందు నువ్వు దీనికి చెప్పు సారీ," అన్నాను.

జోక్ అనుకుని నవ్వాడు.