జాకెట్టు తొడుక్కున్న కంప్యూటర్

బత్తలపల్లెలో జాకెట్లు కుట్టే షమీమక్క పొద్దున్నే ఫోన్ చేసింది. ఎంబ్రాయిడరీ డిజైన్ల కోసం ఆమె పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసి ఇచ్చింది నేనే. అది ఊరికే ఆగిపోతోందట. రేపటి పెళ్లికూతురి డిజైన్ అందులోనే ఉందట.

నేను అనంతపురంలో ఇంట్లో కూర్చునే, నెట్ ద్వారా ఆ కంప్యూటర్‌లోకి దూరి కమాండ్ మీద కమాండ్ కొట్టాను. అప్‌డేట్లు చేశాను, లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను అనుమానించాను. ప్రతిసారీ మధ్యలోనే ఆగిపోయింది. చివరికి కంప్యూటర్ తన సంగతులు రాసుకునే లాగ్‌లో అసలు సంగతి కనబడింది: విపరీతమైన వేడి. బండి తీశాను.

వెళ్లి చూస్తే సీపీయూ డబ్బాకు ఎర్ర జాకెట్టు! లైనింగ్, పైపింగ్‌తో సహా, ఒక్క ముడత లేకుండా. వైర్లకు మాత్రం కాజాలు.

"ఏందక్కా ఇది?"

"ఈడ దుమ్ము చూడప్పా ఎట్లుండాదో! కొలతలు తీసి మరీ కుట్టినా. బాగుండాదా?"

"బాగుండాది గానీ, దానికి ఊపిరాడతా లేదక్కా. లోపలి వేడి గాలి వెనక నుంచి బయటికి పోవల్ల."

"అంతేనా?" అని కత్తెర తీసింది.

జాకెట్టు తీసేస్తుందనుకున్నాను. ఆమె వెనకవైపు గుండ్రంగా కత్తిరించి, దుమ్ము లోపలికి పోకుండా పల్చటి నెట్ గుడ్డ వేసి, అంచుకు పైపింగ్ కుట్టింది. అచ్చం జాకెట్టు వీపున పెట్టే పాట్ నెక్!

ఆ తర్వాత కంప్యూటర్ ఒక్కసారీ ఆగలేదు. పెళ్లికూతురి డిజైన్ మిషనెక్కింది. నేను బయల్దేరుతుంటే టేపు తెచ్చి నా లాప్‌టాప్ కొలతలు కూడా తీసుకుంది. మెడ మోడల్ రేపటికల్లా చెప్పాలట.

ఏం పెట్టించమంటారు?