మా మామ నా నోట విన్న పాటలు

మా మామ పోయిన కబురు నాకు మా ఊరు ఎర్రబోరులో రోడ్డు మీద, సుక్మా బస్సు కోసం నిలబడి ఉండగా తెలిసింది. అమ్మకు జ్వరమని పుట్టింటికి వచ్చి, ఆవిడ కోలుకున్నాక తిరుగు ప్రయాణమయ్యాను. ఫోన్లో మా ఆయన గొంతు వస్తూ పోతూ ఉంది. "పొద్దున్న టీ తాగి కుర్చీలో కూర్చున్నాడు. అంతే," అన్నాడు. ఇంకేదో అంటుండగా సిగ్నల్ పోయింది. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక గానీ నాకు ఏడుపు రాలేదు. పక్కనున్న ఆవిడ ఏమైందని గోండిలో అడిగితే, మా మామ పోయాడని చెప్పాను. మొగుడి తండ్రి కోసం కోడలికి ఇంత ఏడుపా అన్నట్టు చూసింది. ఆ బస్సులో ఆవిడకు ఏమని చెప్పను?

ఆవిడకు చెప్పలేనిది మీకు చెబుతాను. మా మామకు జాజ్ సంగీతమంటే ప్రాణం. అలాంటి మనిషికి చెవులు పోయాయి. చివరి ఆరేడేళ్ళూ ఆయన తన రికార్డులను నా నోటితో విన్నాడు.

బచేలి మీలో ఎంతమంది చూశారో తెలియదు. తలెత్తితే ఇనప కొండ, దించితే ఎర్రదుమ్ము. పొద్దున ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి ఇంకో రంగులో ఉంటుంది. ఆ కొండ మీద డ్రిల్లు నడిపే పనికి మా మామ శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలోనే వచ్చాడు. చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన బిరడాలు ఆయన జేబులోనే ఉండేవట. రాయి లోపల ఎలా పలుకుతోందో వినకపోతే డ్రిల్లు ఇరుక్కుపోతుందని ఆయన వాదన. అలా వినీ వినీ చెవులు అరగదీసుకున్నాడు.

ఇక్కడి రాయి రైలెక్కి విశాఖపట్నం రేవుకు పోతుంది, అక్కడ ఓడలెక్కుతుంది. సినిమా పాటలు వినడానికి రికార్డు ప్లేయరు కొందామని ఆయన కూడా ఓసారి ఆ దారినే వెళ్ళాడు. రేవు దగ్గర పాత సామాన్ల కొట్టువాడు, మిషను పనిచేస్తోందని చూపించడానికి, ఓడవాళ్ళెవరో అమ్మేసి పోయిన రికార్డు ఒకటి వేశాడు. "పాడేవోడు ఇప్పుడొస్తాడు, ఇప్పుడొస్తాడు అని కూకున్నాను. రికార్డు అయిపోనాది. పాడేవోడు రానేలేదు. అయినా నాకు లోటే అనిపించలేదమ్మా," అని ఆ కథ నాకు ఎన్నిసార్లు చెప్పాడో. ఆ రోజు మొదలు, విశాఖ వెళ్ళినప్పుడల్లా నాలుగైదు రికార్డులు ఒళ్ళో పెట్టుకుని, సొరంగాలన్నీ దాటుకుని, నిద్రపోకుండా వచ్చేవాడు. "మనం రాయి పంపినాం, ఆళ్ళు పాట పంపినారు," అనేవాడు.

అట్ట మీది ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేవాడు గానీ దాన్ని నమ్మేవాడు కాదు. రికార్డును వెలుతురుకు ఏటవాలుగా పట్టి గీతలు చూసేవాడు. నల్లగా ఉన్నచోట నెమ్మదిగా వాయిస్తారనీ, తెల్లగా మెరిసేచోట గోల చేస్తారనీ చెప్పేవాడు. కొత్త కోడల్ని ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. వేసి చూస్తే ఆయన చెప్పినట్టే ఉండేది.

ఇక ఆ ఎర్రదుమ్ముతో ఆయన యుద్ధం. ముందుగదిలో గోడ పొడుగునా ఉన్న రికార్డుల అరలకు పరదా కట్టించాడు. వినాలనుకున్న రికార్డును షాంపూ చుక్క వేసిన నీళ్ళతో కడిగి, వంటింట్లో గిన్నెల స్టాండులో పళ్ళేల మధ్య నిలబెట్టి ఆరబెట్టేవాడు. "నా పళ్ళేలు ఎక్కడెట్టుకోవాలి?" అని మా అత్త రంకె. "నీ పళ్ళేలు పాడతాయేటి?" అని ఆయన జవాబు. ఈ తగువు వారం వారం, మాట పొల్లుపోకుండా జరిగేది.

ఆ ఇంట్లో నేను మొదటిసారి విన్నప్పుడు ఊరుకోలేకపోయాను. నోరు అదుపులో పెట్టుకోవడం నాకెప్పుడూ చేతకాలేదు. "ఏంది మామా ఇది? ఎవరి దారిన వాళ్ళు వాయిస్తున్నరు. కొట్లాడుకున్నరా?" అన్నాను. ఆయన కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "కొట్లాట కాదమ్మా. ఒకడు తన మాట చెప్పుకుంటాడు, మిగిలినోళ్ళు ఆడికి ఊతమిస్తూ వింటారు. మనింట్లో ఉందేటి ఆ మర్యాద?" అన్నాడు. వంటింట్లోంచి అత్త ఏదో అంది. ఆయన వినిపించుకోలేదు.

అది వినిపించుకోకపోవడం కాదు, వినపడకపోవడమని మాకు చాలాకాలం తెలియలేదు. ప్లేయరు మోత పెరుగుతూ వచ్చింది. ఎదుటి క్వార్టర్లో వాళ్ళు గుమ్మంలోకి వచ్చి, "అంకుల్, థోడా ఆవాజ్ కమ్ కీజియే," అని, మోత తగ్గించమని బతిమాలేవాళ్ళు. ఒక ఆదివారం ఆయన చిరాకుపడుతూ, కంచు తాళాలు వినపడటం లేదు, సూది అరిగిపోయిందన్నాడు. మా ఆయన కొత్త సూది తెప్పించాడు. మామ దాన్ని బిగించి, అదే రికార్డు వేసి, ముందుకు వంగి కూర్చున్నాడు. కాసేపటికి, "ఇదీ నకిలీదే," అన్నాడు. నేను గుమ్మంలో బియ్యం ఏరుతున్నాను. "తాళాలు వస్తనే ఉన్నయి గదా మామా," అన్నాను.

ఆయన నా వైపు తిరిగి, సూది ఎత్తి, మళ్ళీ మొదట్లో పెట్టాడు. "ఎక్కడొచ్చినాయో చెప్పమ్మా," అన్నాడు. నేను బియ్యం పక్కన పెట్టి వెళ్ళి ఆయన కుడివైపు కూర్చున్నాను. ఎడమ చెవి అప్పటికే పూర్తిగా పోయిందని ఆ రోజే తెలిసింది.

అలా మొదలైంది. రికార్డు తిరుగుతుంటే ఆయన, "ఇప్పుడేటి?" అనేవాడు. నేను చెప్పేదాన్ని. వాద్యాల పేర్లు నాకు రావు. పెద్ద పీక, చిన్న పీక, పెద్ద తీగ, పెట్టె అని నేను పెట్టుకున్న పేర్లే ఆయనా వాడటం మొదలుపెట్టాడు. మొదట్లో "బాగుంది మామా" అనేదాన్ని. ఆయనకు కోపమొచ్చేది. "బాగుందని నేననుకుంటాను. ఏటొచ్చిందో నువ్వు చెప్పు," అనేవాడు. ఒకసారి నేను, "వెనకాల ఎవరో బరువైన మనిషి నడుచుకుంట పోతున్నట్టున్నది," అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "అదే! దాన్ని వాయించేవోళ్ళూ నడకనే అంటారు!" అని అత్తను పిలిచి మరీ చెప్పాడు.

నా చెవులు చురుకైనవని మెచ్చుకునేవాడు. అందులో నా గొప్పేమీ లేదు. తుపాకులు తిరిగే మా ఊళ్ళో చీకటి పడ్డాక రోడ్డు మీద ఆగింది ఏ బండో, దిగింది ఎంతమందో, కుక్క ఎవరిని చూసి అరుస్తోందో చప్పుడుతోనే పోల్చుకోవలసిన రోజుల్లో నేను పెరిగాను. భయం నేర్పిన చెవులవి. వాటిని ఒక మంచి పనికి వాడుకున్నవాడు నా జీవితంలో ఆయనొక్కడే. అందుకే బస్సులో అంత ఏడ్చాను.

చెవి మిషను పెట్టించాం. పెట్టుకుని, ఎంతో ఇష్టమైన రికార్డు వేసుకుని, సగంలోనే తీసేశాడు. రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టుందన్నాడు. ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు. ఆ తర్వాత కుడి చెవి కూడా మూతపడుతూ వచ్చింది. చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా సగం మాటలే అందేవి. మిగతా సగం కోసం నా పెదాల వంక చూసేవాడు. నేను అలసిపోతున్నానేమోనని మధ్యమధ్య ఆపేవాడు. "మరొద్దమ్మా, గొంతు పోతాది," అంటూనే సూది ఎత్తేవాడు కాదు.

ఇంత జరుగుతున్నా కొనడం మానలేదు. కిందటి నెల మా ఆయన పని మీద విశాఖ వెళ్తుంటే, ఆ కొట్టుకెళ్ళి ఒక రికార్డు తెమ్మని వెంటపడ్డాడు. వచ్చినదాన్ని వెలుతురుకు పట్టి చూసుకుని మురిసిపోయాడు. "వినపడనోడికి కొత్త రికార్డెందుకూ?" అని అత్త విసుక్కుంది. ఆయన నన్ను చూపించి, "దానికి చెవుల్లేవేటి?" అన్నాడు. మర్నాడు విందామనుకున్నాం. ఈలోగా అమ్మకు జ్వరమని ఫోనొచ్చింది. బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, "నువ్వొచ్చినాకే ఇందాం. నానొక్కణ్ణీ ఎట్టుకున్నా గీతలు చూసుకోడమే కదా," అని నవ్వాడు. ఆయన నాతో అన్న చివరి మాట అది.

నేను బచేలి చేరేసరికి పొద్దువాలింది. నా కోసం ఆయన్ని ఉంచారు. అలవాటు కొద్దీ కుడివైపు వంగి, చెవి దగ్గర గట్టిగా, "వచ్చిన మామా," అన్నాను. గదిలోవాళ్ళు ఉలిక్కిపడ్డారు.

పెద్దకర్మ అయింది. చుట్టాలంతా రైలెక్కి వెళ్ళిపోయారు. మర్నాడు మధ్యాహ్నం మా అత్త, ఇన్నేళ్ళూ ఆ గోల భరించలేనన్న మనిషి, "ఆ కొత్తది ఎట్టమ్మా. ఇల్లు బావురుమంటంది," అంది. దుమ్ము తుడిచి, వేసి, సూది దించాను. నా చోట నేను కూర్చున్నాను. పక్కన ఆయన కుర్చీ.

వాయించడం మొదలుపెట్టారు. చెప్పడానికి కుర్చీ వైపు తిరిగాను. ఆ తర్వాత అంతసేపూ ఏ పీక ఎప్పుడొచ్చిందో, తాళాలు ఎక్కడ మోగాయో నాకు తెలియదు. ఎవరికీ చెప్పకుండా వినడం నాకు రాదని అప్పుడు తెలిసింది. ఆ సైడు ఎప్పుడో అయిపోయింది. సూది లోపలి గీతలో టిక్కు టిక్కుమంటూ తిరుగుతోంది.

అత్త వంటింటి గుమ్మంలోకి వచ్చి, చెంగుతో చేతులు తుడుచుకుంటూ, "ఏటొచ్చిందమ్మా?" అని అడిగింది.

"నాకేం వినపడలేదత్తా," అన్నాను.

ఆవిడ వచ్చి నేల మీద, కుర్చీకి అటువైపు కూర్చుంది. రికార్డు తిరుగుతూనే ఉంది. ఇద్దరిలో ఎవరమూ లేచి ఆపలేదు.